బొర్సారు గారు వదిలేసిన ఏడాది

అరోరా,
మే 6.

వదినకి, కోటమ్మ దండం పెట్టి రాసేది.

మొన్న వీడియోలో నువ్వు ఏం కూర అని అడిగితే బీరకాయ అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. నువ్వేమో "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అని ఏడుపు మొహం పెట్టావు. నా అరుపులకి పక్కింటి తెల్లావిడ వచ్చి తలుపు కొట్టింది. నీ చెవులు ఇక ఫోనుకి పనికిరావు, ఉత్తరాలు రాసుకోండి అమ్మమ్మా అని ఇషిత జెండా బొమ్మ స్టాంపులు తెచ్చింది. కవరు మీద నీ అడ్రసు కూడా అదే రాసింది. అంకె ఏడుకి నడుం దగ్గర అడ్డగీత పెట్టింది. కొట్టేశావేమిటే, ఉత్తరం పోదేమో అంటే ఫ్రాన్సులో అలాగే రాస్తారంది. నాకు మాత్రం నమ్మకం లేదు. ఇది నీకు చేరితే వెంటనే రాయి, చేరకపోయినా రాయి.

మా ఇంద్రజ కూతురని గొప్ప చెప్పుకోవడం కాదుగానీ ఇషిత బంగారం లాంటి పిల్ల. కానీ ఆ చదువు చూస్తే నాకు గుండెల్లో దడ. యూనివర్సిటీ నుంచి పెట్టెలతో వచ్చి నా గదిలోనే ఉంటోంది. థీసిస్ ఇక్కడ కూర్చుని పూర్తి చేస్తుందట. ఆరేళ్లుగా ఒకే మనిషి మీద చదువు. ఫ్రాన్సులో ఎప్పుడో నాలుగు వందల ఏళ్లకి ముందు పోయిన ఒక ముసలాయన, ఎతియేన్ బొర్సార్ అట. నేను బొర్సారు గారంటాను. పోయినవాళ్లని గారు అనకపోతే ఎలా?

ఆయన ఒక ఏటి ఒడ్డు ఊళ్లో ప్లీడరు. కుర్రతనంలో రాజుల చరిత్ర పెద్ద పుస్తకం రాసి రాజుగారి చేతికిచ్చాడు. రాజుగారి తాతలు చేసిన వెధవ పనులు తీసెయ్యమని కొలువులో వాళ్లు పట్టుబట్టారు. ఆయన తియ్యనన్నాడు. పొమ్మన్నారు. ఊరికొచ్చి అప్పటినుంచీ తన ఊరి చరిత్రే ఏడాదికో అధ్యాయం చొప్పున చచ్చేదాకా రాశాడట. ఏట్లో నీళ్లెంత వచ్చాయి, ద్రాక్ష ఎలా కాసింది, ఎవరు పుట్టారు, పక్కింటి రొట్టెలాయన పొయ్యి ఎప్పుడు రాజేశాడు, అన్నీ. ఒక్క ఏడాది మాత్రం లేదు. మతం గొడవల్లో ఆ ఊళ్లో ఇరుగుపొరుగు ఒకళ్లనొకళ్లు నరుక్కున్న ఏడాది అది. ముందు ఏడాది ఉంది, తర్వాత ఏడాది ఉంది. ఆ కాయితాలు ఎవరో చింపేశారు, నేను కనిపెడతాను అని మన పిల్ల పంతం.

డిసెంబరులోగా థీసిస్ ఇవ్వకపోతే యూనివర్సిటీలో పేరు కొట్టేస్తారట. ఇదేమో కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క అక్షరం కొట్టదు. తిండి లేదు. దువ్వెన నిండా జుట్టు. కూర్చున్నచోటే పెదాలు కదుపుతుంది. ఎవరితోనే అంటే "బొర్సార్‌తో అమ్మమ్మా, ఊరికే, వర్రీ అవ్వకు" అంటుంది. చచ్చినవాడితో మాట్లాడుతుంటే వర్రీ అవ్వక ఏమవ్వాలి వదినా?

నీ మోకాళ్లకి ఆవనూనె రాస్తున్నావా? గ్యాసు కట్టాక మళ్లీ ఒకసారి చూడు.

కోటమ్మ.

*

ప్లేనో,
మే 19.

కోటమ్మకి ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. అడ్డగీత ఏడు కూడా క్షేమంగా చేరింది. బీరకాయ పోయినందుకు నా సంతాపం.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మా స్రవంతి ఆఫీసుకి పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో నేనూ ఏసీ. కాలు బయట పెడదామన్నా కారు లేందే కొత్తిమీర కట్ట కూడా రాదు. నా మిషను చెవిలో పెడితే కుయ్యిమంటుంది, తీస్తే లోకమంతా దూది పెట్టినట్టుంటుంది. తీసేసే ఉంచుతున్నాను. హాయిగా ఉంది.

ఇషితకి దెయ్యమూ లేదు, ఏమీ లేదు. చదివే పిల్లలు అలాగే ఉంటారు. నువ్వు దాని దువ్వెన చూడ్డం మానెయ్. నీకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బేగా. మీ అన్నయ్య పక్క ఊరు సంతకి వెళ్తే వీధి గుమ్మంలో నిలబడి ఏడ్చేదానివి.

ఒక మాట మాత్రం దానికి చెప్పు. ఆయనెవరో ఆ ఏడాది వదిలేశాడంటే ఏదో ఉండి ఉంటుంది. వదిలేసినదాన్ని తవ్వి దీనికి ఏం వస్తుందట? పోనివ్వమను.

ఆవకాయ పెట్టాను. ఇక్కడి మామిడికాయలకి పులుపు లేదు.

లక్ష్మీకాంతం.

*

అరోరా,
జూన్ 12.

వదినకి,

ఒక పని చేశాను. చేశాక భయం పట్టుకుంది. ఇంద్రజకి చెప్పలేదు, అల్లుడు ఫణికి అసలే చెప్పలేదు. నువ్వే చెప్పాలి అది తప్పో ఒప్పో.

మొన్న శనివారం వీళ్లతో గుడికి వెళ్లాను. ఇంద్రజ ప్రసాదాల లైన్లో ఉండగా నేను చల్లగా అర్చన టిక్కెట్టు తీసుకుని పంతులుగారి దగ్గరకి వెళ్లాను. బొర్సారు గారు ఈ పిల్లని వదిలిపెట్టేలా దేవుడికి ఒక మాట చెప్పించాలని నా ఉద్దేశం.

"పేరేంటమ్మా?" అన్నారు.

"బొర్సారండీ."

"నార్త్ ఇండియన్సా?"

"ఫ్రాన్సండీ."

పంతులుగారు నన్ను ఎగాదిగా చూసి, "అల్లుడుగారా?" అన్నారు. కాదండీ, మనవరాలికి కావలసినవాళ్లు అన్నాను. "ఓహో" అని నవ్వారు. ఆ ఓహో ఏమిటో ఇంటికొచ్చాక అర్థమైంది. అప్పుడు మాత్రం తట్టలేదు. వెనకాల లైను పెరిగిపోతోంది. "గోత్రం చెప్పండమ్మా తొందరగా" అన్నారు. ఫ్రాన్సువాళ్లకి గోత్రం ఏముంటుంది? ఆ కంగారులో మా పుట్టింటి గోత్రం నోటికొచ్చేసింది. పైడిపాల అన్నాను.

పంతులుగారు గట్టిగా, గుడంతా వినపడేలా, పైడిపాల గోత్రోద్భవస్య బొర్సార్ నామధేయస్య అని మొదలుపెట్టి, ఆయన ఆయుష్షు పెరగాలి, ఆరోగ్యం బాగుండాలి, ఐశ్వర్యం కలగాలి అని దీవించేశారు. చచ్చిపోయినవాడని నేను చెప్పలేదు కదా వదినా! ఎలా చెప్పను, చచ్చినవాళ్లకి అర్చన చేయరుగా. పిల్లని వదిలి పొమ్మని అడగబోయి ఆయనకి ఇంకా ఆయుష్షు పోయించి వచ్చాను. కుంకుమ పొట్లం ఎక్కడ పెట్టాలో తెలీక బియ్యం డబ్బాలో దాచాను.

ఆ మర్నాడే ఇషిత ఫ్రాన్సు వెళ్తున్నానంది. అక్కడ కాయితాలు చూడాలిట, ఆగస్టు దాకా రాదట. చూశావా, ఆయన పిలిచాడు! వెళ్లేముందు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నీళ్ల చప్పుడులో నాకు వినపడదనుకుంది. ఇంకోటి, ఆయన మీద చదువుకోవడానికి వెళ్లే పిల్ల ఆయన పుస్తకాలు ఒక్కటీ తీసుకెళ్లలేదు. అన్నీ నా మంచం కింద ఉన్నాయి. వాటి మీద పడుకోవాలంటే ఒంటికి ముళ్లు గుచ్చుకున్నట్టుంది.

నిన్న ఫోన్ చేసింది. వెనకాల కుక్కరు కూత వినపడింది. ఫ్రాన్సులో కూడా కుక్కర్లు ఉంటాయా?

కోటమ్మ.

*

ప్లేనో,
జూలై 8.

కోటమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. మా వంశంలో ఫ్రెంచివాళ్లు లేని లోటు తీర్చావు. నీ పుట్టింటి గోత్రమంటే నా అత్తింటి గోత్రమేగా. ఆ లెక్కన ఆయన నాకు మరిది. మీ అన్నయ్య బతికుంటే తమ్ముడికి పొలంలో వాటా రాయాల్సి వచ్చేది.

తప్పేమీ లేదు. దిక్కులేని మనిషికి ఒక గోత్రం ఇచ్చావు. పుణ్యమే. కుంకుమ తులసి కుండీలో వెయ్యి, బియ్యంలోంచి ముందు బయటికి తియ్యి.

ఇషిత గురించి బెంగ వద్దు. ఎక్కడున్నా తింటోంది, పడుకుంటోంది అనుకో. వయసులో ఉన్న పిల్ల, దాని దారి అది చూసుకుంటుంది. ఆ బొర్సారుది మాత్రం ఏం తక్కువ పంతమా, కుడిచెయ్యి పడిపోతే ఆ వయసులో ఎడంచేత్తో రాయడం నేర్చుకుని మరీ రాశాడు. అలాంటివాడి వెనక పడ్డ పిల్ల ఊరికే పాడవదు.

కుక్కర్లు అన్ని దేశాల్లోనూ ఉంటాయి.

నాకు కాస్త పనులెక్కువై ఉత్తరం ఆలస్యమైంది.

లక్ష్మీకాంతం.

*

అరోరా,
జూలై 16.

వదినా,

బొర్సారు గారికి కుడిచెయ్యి పడిపోయిందని నీకెవరు చెప్పారు?

నేను రాయలేదు. నాకే తెలీదు. ఇషిత నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇంద్రజని అడిగాను, దానికీ తెలీదు. ప్లేనోలో ఎండలో కూర్చున్న నీకు ఫ్రాన్సాయన చేతుల సంగతి ఎలా తెలిసింది?

కవరు తీసి మళ్లీ చూశాను. పోయినసారి స్రవంతి రాసిన అక్షరాలు కావు. మా ఇంటి నంబరులో రెండు ఏడులకీ నడుం మీద అడ్డగీతలున్నాయి. నాకు ఇంగ్లీషు రాదు గానీ నా మనవరాలి ఏడు నాకు తెలుసు.

ఏమైంది దానికి? ఒంట్లో బాగాలేదా? ఎవరైనా ఏమైనా చేశారా? ఉన్నదున్నట్టు రాయి. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే రాయి, ఆ ఒట్టు పాపం నాకు పెట్టు. నీ ఉత్తరం వచ్చేదాకా పోస్టు డబ్బా దగ్గరే ఉంటాను. తిండి కూడా సహించడం లేదు.

కోటమ్మ.

*

ప్లేనో,
జూలై 24.

కోటమ్మా,

ముందు అన్నం తిను. పిల్ల క్షేమం. నా ఎదురుగా కూర్చుని పెసరట్టు తింటోంది. ఒళ్లు కూడా చేసింది.

కవరు మీద అదే రాసింది, ఆ రోజు స్రవంతి ఊళ్లో లేదు. నువ్వు పట్టేశావని చెబితే తల పట్టుకుంది. "అమ్మమ్మ హిస్టోరియన్ అవ్వాల్సింది" అంది. అనడమంటే రాసింది. నాకు వినపడదుగా, ఒక తెల్లబోర్డు కొనుక్కొచ్చింది. దాని మీద తెలుగులో రాసి చూపిస్తుంది. ఒత్తులు ఉండవు, దీర్ఘాలు దాని ఇష్టం. అయినా నాకు ఇంట్లో అందరికంటే అదే బాగా వినపడుతోంది.

జరిగింది చెబుతాను. ఆయన చేతిరాత పుస్తకం ఫ్రాన్సులో ఉందిట. దాని ఫొటోలు కొత్తగా తీసి పంపారట. కాయితాలకి అంకెలు ఆయనే వేసుకున్నాడు. వరసగా ఉన్నాయి. చింపింది లేదు, కాల్చింది లేదు. ఆ ఏడాది ఆయన రాయనే లేదు. ఒక పేజీలో ముందు ఏడాది అయిపోయింది, అదే పేజీలో కింద తర్వాత ఏడాది మొదలైంది. "లేనిదాన్ని ఆరేళ్లు వెతికాను" అని రాసి బోర్డు తుడిచేసింది. ప్రొఫెసరుగారు దాన్ని పట్టుకునే కొత్తగా రాయమన్నారట. ఇది రాయలేనని లేచి వచ్చేసింది. తల్లీతండ్రీ కంప్యూటరు చదవమన్నప్పుడు పోట్లాడి ఇందులో చేరిందిగా, ఇప్పుడు వాళ్ల మొహం చూడలేక ఫ్రాన్సని చెప్పి నా దగ్గరకి వచ్చింది. ఒట్టు వేయించుకున్న మాట నిజమే. ఇక డిసెంబరు లేదు, యూనివర్సిటీ లేదు, ఇక్కడే ఏదైనా పని చూసుకుంటానంటోంది. నేను ఉండమనీ లేదు, పొమ్మనీ లేదు.

నువ్వు ఇంద్రజకి చెప్పకు. చెబితే అది కారేసుకుని వచ్చేస్తుంది, ఇది ఇంకెక్కడికో పోతుంది.

ఇంకో సంగతి. అది ఊరికే కూర్చోలేక మా పాత ఫొటోలు సర్దిపెట్టింది. నా పెళ్లివి, కొత్తకాపురానివి, ఆ తర్వాత ఒకేసారి స్రవంతి పుట్టినవి. "మధ్యలో ఏవి, ప్లేనో అమ్మమ్మా?" అని రాసి చూపించింది. నేను కళ్లజోడు లేదని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అది ఊరుకునే పిల్ల కాదు. ఇండియన్ షాపులో నేను రేగువడియాల వైపు చూడకుండా నడుస్తానని కూడా కనిపెట్టింది.

లక్ష్మీకాంతం.

*

అరోరా,
ఆగస్టు 6.

వదినా,

నీకు దండం పెడతాను. దానికి ఏమీ చెప్పకు.

నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావుగా. ఇన్ని రోజులుగా ఇంద్రజ ఎదురుగా తిరుగుతూ నోరు కుట్టుకుని ఉన్నాను. "ఇషిత ఫ్రాన్సులో ఏం తింటోందో" అని అది అంటే, పెసరట్టు అనబోయి దగ్గు తెచ్చుకున్నాను. దాని ఫోన్ వచ్చినప్పుడల్లా లేచి పెరట్లోకి పోతున్నాను. ఇది మోస్తాను. కానీ ఆ పాతది కదపకు. దాన్ని నేను మొయ్యలేను.

ఇక్కడ ప్రతి నెలా మొదటి మంగళవారం గాలివాన సైరను మోగిస్తారు. పనిచేస్తుందో లేదో చూసుకోవడానికట. మోగినప్పుడల్లా నేను కింద బేస్మెంటులోకి వెళ్లబోయి, మళ్లీ నీళ్లు వస్తే కింద ఉండకూడదని మేడ మీదకి వెళ్లి, మెట్ల మధ్యలో కూర్చుంటాను. "అత్తయ్యా, టెస్టింగే!" అని ఫణి నవ్వుతాడు. ఇంద్రజ కూడా నవ్వుతుంది. నవ్వనీ. అది ఉప్పెన తర్వాత బడి వరండాలో పుట్టిందని దానికి తెలుసు. అంతకుమించి తెలియదు. నేను చెప్పలేదు, నువ్వు చెప్పలేదు, పోయేదాకా అన్నయ్య చెప్పలేదు. పురిటికి పుట్టింటికొచ్చిన దాన్ని నేను. ఆ ఇంట్లో ఆ రోజు నేను లేకపోతే అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇదిగో, ఇంతవరకే రాయగలను.

ఆ పిల్ల పుస్తకాలు చదివే పిల్ల. వింటే రాసుకుంటుంది. రాసుకుంటే ఎక్కడో ఒకచోట అచ్చవుతుంది. అచ్చయితే మళ్లీ జరిగినట్టే కాదా వదినా?

వాళ్ల బొర్సారు గారిని చూసి నేర్చుకోమను. వదిలేశాడు మహానుభావుడు.

కోటమ్మ.

అంటించిన కవరు మళ్లీ విప్పి రాస్తున్నాను. అక్కడ గాలివానలు వస్తాయని టీవీలో చెప్పారు. మేడ గదిలోనే పడుకోండి.

*

ప్లేనో,
సెప్టెంబరు 25.

కోటమ్మా,

నువ్వు వద్దన్నావు. నేను చెప్పాను. కోపమొస్తే రా, వచ్చి తిట్టు.

నీ అర్చన సంగతి విన్నప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. పసివాళ్లకి తద్దినం ఉండదన్నారు మనకి. మూడేళ్ల పిల్లాడికి పిండం లేదు, నీళ్లు వదలడం లేదు, తిథి లేదు. అంటే పేరు పలికే రోజు ఒక్కటీ లేదు. పెద్దలు అన్నారుగా అని ఊరుకున్నాను. నలభై ఏళ్లు దాటింది. ఊరుకోవడమే అలవాటైంది. నువ్వేమో ఫ్రాన్సులో చచ్చినవాడికి మా గోత్రం ఇచ్చి, గుడంతా వినపడేలా పేరు పిలిపించి వచ్చావు. ఎవడో వాడికి ఉంటే, నా కన్నబిడ్డకి ఎందుకు ఉండకూడదు?

మహాలయ అమావాస్య నాడు ఇషితని కారు తియ్యమన్నాను. షాపులో బియ్యం, కందిపప్పు, కూరలు, నెయ్యి, పంతులుగారికిచ్చే స్వయంపాకానికి తీసుకున్నాను. రేగువడియాల పొట్లం నేనే తీసి బుట్టలో వేశాను. అది నా వైపు చూసింది. బోర్డు కారులోనే ఉండిపోయింది కాబట్టి ఏమీ అడగలేకపోయింది.

గుడిలో పంతులుగారు కుర్రాడు. "ఎవరి పేరు మీద ఇస్తున్నారమ్మా?" అని కాయితం మీద రాసి చూపించాడు. మీ అన్నయ్య పేరు చెప్పాను, అత్తమామల పేర్లు చెప్పాను. ఆ తర్వాత చెప్పాను. వేణుమాధవ్. మూడేళ్లు.

అతను తల అడ్డంగా ఊపాడు. చిన్నపిల్లలకి ఇవి ఉండవమ్మా అంటున్నాడని పెదాలు చూస్తేనే తెలిసింది. ఆ మాట నాకు కొత్తేమిటి? "ఉండవని నాకు తెలుసు నాయనా. ఉండాలని నేను అడగడం లేదు. నేను పేరు చెబుతాను, నువ్వు విను, చాలు" అన్నాను. నాకు వినపడదుగా, ఎంత గట్టిగా అన్నానో తెలీదు. గుళ్లో అందరూ తిరిగి చూశారు. ఆ కుర్రాడు కళ్లు దించుకుని పళ్లెం అందుకున్నాడు. ఆ చేత్తోనే పైడిపాల గోత్రం, బొర్సారు అని కూడా చెప్పాను. మరిదిని వదిలేస్తే బాగుండదు.

కారు గుడి దగ్గరే ఉంచి ఇషితకి అంతా చెప్పాను. ఉప్పెన రోజు సాయంత్రానికి నీళ్లు వాకిట్లోకి వచ్చాయని, నువ్వు నిండు గర్భిణివని మీ అన్నయ్య ముందు నిన్ను, తర్వాత నన్ను కరణంగారి మేడ మీదకి చేర్చాడని, వాడి కోసం మూడోసారి వెనక్కి దిగేసరికి ఇల్లు లేదని. వాడు మీ అమ్మ ఒళ్లో ఉన్నాడు. ఆవిడా పోయింది. నువ్వు ఇంట్లో లేకపోతే అని ఎప్పుడూ అనుకోకు. నిన్ను ముందు తీసుకెళ్లమని నేనూ మీ అమ్మా ఇద్దరం అరిచాం. ఇప్పుడు అడిగినా అదే అంటాను. ఆ పొద్దున వాడు రేగుపళ్లు కావాలని ఏడిస్తే, ఇంకా పండలేదు, వచ్చే వారం కోస్తానన్నాను. అంతే. ఇంతే ఉంది చెప్పడానికి. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్లు ఎందుకు మోశామో తెలీదు కోటమ్మా.

ఇషిత ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇంటికొచ్చి బోర్డు తీసి ఒకే మాట రాసింది. రొట్టె.

నాకు అర్థం కాలేదు. అప్పుడు అది కూర్చుని బోర్డు నింపుతూ, తుడుస్తూ చెప్పింది. వదిలేసిన ఏడాదికి ముందు బొర్సారు గారు ప్రతి ఏడూ పక్కింటి రొట్టెలాయన పొయ్యి గురించి ఒక ముక్క రాసేవాడట. ఆ తర్వాత ముప్పై ఏళ్లు రాశాడు, ఎక్కడా రొట్టె మాట లేదు. కరువు వచ్చిన ఏడాది కూడా గోధుమలు దొరకలేదని రాశాడు గానీ రొట్టె అనలేదు. "నేను లేని పేజీ కోసం చూశాను, ఉన్న పేజీల్లో ఏం పోయిందో చూడలేదు" అని రాసింది. "నువ్వు వడియాల వైపు చూడకుండా నడిచినట్టే" అని రాసింది. ఆ రాత్రే ప్రొఫెసరుగారికి ఉత్తరం పెట్టింది. మర్నాడు తన పుస్తకాలు కావాలంది. నీ మంచం కిందవి.

వాళ్లమ్మకి తనే ఫోన్ చేసి నిజం చెబుతానంటోంది. ముందు నీకు తెలియాలని రాస్తున్నాను.

రేగువడియాలు తిన్నాను. ఉప్పెక్కువైంది.

లక్ష్మీకాంతం.

*

అరోరా,
నవంబరు 22.

వదినకి,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. కోపం లేదు. అసలు కోపం అనుకుని మొదలుపెట్టాను, రెండు ముక్కలు రాసేసరికి అది కోపం కాదని తెలిసింది.

ఇషిత వచ్చింది. కారులో ఒంటరిగా అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చింది. దారి పొడుగునా నేను ఎన్ని మొక్కులు మొక్కానో, అవన్నీ తీర్చడానికి ఇంకో జన్మ కావాలి. ఇంద్రజ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పులిహోర చేసింది. "నాకు అబద్ధం చెప్పి ప్లేనోలో పెసరట్లు తిన్నావా?" అంది. "అత్తయ్యా, మీకు ముందే తెలుసా?" అని ఫణి నన్ను చూశాడు. నేను గ్యాసు కట్టానో లేదో చూడ్డానికి లేచాను.

పిల్ల రాస్తోంది. పగలంతా రాస్తోంది. యూనివర్సిటీవాళ్లు వసంతకాలం దాకా గడువిచ్చారు. ప్రొఫెసరుగారు రొట్టె అధ్యాయం చదివి, ఇది ముందే ఎందుకు రాయలేదన్నారట. ఇంకా పెదాలు కదుపుతూనే ఉంటుంది. ఇప్పుడు నేను ఆయన కోసం అర్చన చేయించను. ఆయుష్షు పెరిగితే పెరగనీ, మనవాడేగా.

మన మాటలు రాస్తావా అని అడిగాను దాన్ని. "నో, అమ్మమ్మా. మీ స్టోరీ థీసిస్‌లో రాదు. అది ఎవిడెన్స్ కాదు. అది మీది" అంది. అది విన్నాక నాకు ధైర్యం రావాలి కదా. రాలేదు. ఊరికే ఏదో మిగిలిపోయినట్టు అనిపించింది. ఎందుకంటే నీకు కూడా చెప్పని ముక్క ఒకటి నా దగ్గర ఉంది. నువ్వు నీది చెప్పావు. నాది కూడా తీసుకో.

ఆ నెలంతా వేణు నా దగ్గరే ఉండేవాడు. నువ్వు పనిలో ఉండేదానివి. నేను కాళ్లు చాపుకుని కూర్చుంటే వచ్చి నా పొట్ట మీద నోరు పెట్టి లోపలి పిల్లతో మాట్లాడేవాడు. "పాపా, బయటికి రా, రేగుపళ్లు పెడతా" అనేవాడు. జవాబు రాకపోతే చెవి ఆనించేవాడు. లోపల ఇది తన్నితే ఎగిరి గంతేసి, "వస్తానంది, వస్తానంది" అని వీధిలోకి పరిగెత్తి అందరికీ చెప్పేవాడు. అందుకే వాడికి ఆ రోజు రేగుపళ్ల మీద అంత తొందర. వాడి కోసం కాదు వదినా. ఈ ముక్క నీకు చెబితే నీ గుండె పగులుతుందని దాచాను. ఇప్పుడు చూస్తే ఇది దాచాల్సిందో, ఇవ్వాల్సిందో తెలియడం లేదు. ఇచ్చేస్తున్నాను.

నిన్న ఇంద్రజ పుట్టినరోజు. ప్రతి ఏడూ ఆ రోజు నాకు ఒంట్లో బాగుండదు, పడుకుంటాను, అదంతా చలి అని వీళ్లు అనుకుంటారు. నిన్న పడుకోలేదు. కేకు కోశాక అందరూ ఉండగా ఇంద్రజ చెయ్యి పట్టుకుని, "అమ్మలూ, నేను నిన్ను చూడకముందే నీతో మాట్లాడినవాడు ఒకడున్నాడు" అని మొదలుపెట్టాను. మధ్యలో ఆగలేదు. రేగుపళ్ల దాకా, కరణంగారి మేడ దాకా, అన్నయ్య మూడోసారి దిగడం దాకా చెప్పాను.  ఇంద్రజ కళ్లల్లో నీళ్లు లేవు. ఎవరో పిలిస్తే వింటున్నట్టుంది మొహం.

"వాడి పేరేంటమ్మా?" అంది.

చెప్పాను. ఒకసారి చెప్పి, మళ్లీ చెప్పాను. పక్కింటి తెల్లావిడ తలుపు కొట్టినా పర్వాలేదనుకున్నాను వదినా. నీకు వినపడేంత గట్టిగా చెప్పాను.

కోటమ్మ.